కలిసి వెళ్దాం, విడివిడిగా తిరుగుదాం

2025లో మన ఆంధ్రప్రదేశ్‌లో బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ 24న మొదలై జూన్ 11తో ముగిశాయి. ఏటా కాస్త అటూఇటూగా ఇదే లెక్క. పేరుకు ఏడు వారాలే గానీ ఇంటిల్లిపాదికీ ఒకేసారి తీరిక దొరికేది నాలుగైదు రోజులు. దాళ్వా (రబీ వరి) కోతలయ్యి కాలువలు కట్టేశాక వరి రైతుకు కాస్త ఊపిరాడుతుంది. ఆకివీడు, కైకలూరు వైపు చేపల చెరువులున్నవాళ్లకు ఆ వెసులుబాటూ లేదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి, కరెంటు పోతే జనరేటర్ వేయించాలి. ఇంట్లో ఇంటర్ అయిన పిల్లలుంటే మే నెల ప్రవేశ పరీక్షలకే సరిపోతుంది. ఇన్ని తప్పించుకుని దొరికిన ఆ నాలుగు రోజుల్లో తాతగారికి దైవదర్శనం కావాలి, నాన్నకు అన్ని చోట్లూ చుట్టి రావాలి, అమ్మకు వంటింటి నుంచి సెలవు కావాలి, చిన్నపిల్లలకు నీళ్లు కావాలి, కాలేజీ పిల్లలకు పొద్దెక్కేదాకా నిద్ర కావాలి. అందర్నీ ఒకే బండిలో ఎక్కించి ఒకే జాబితా వెంట తిప్పితే ఎవరి కోరికా సవ్యంగా తీరదు. కుటుంబం కలిసి బయల్దేరాలి, ఒకేచోట బస చేయాలి, పొద్దున టిఫిన్, రాత్రి భోజనం కలిసి చేయాలి, నడుమ ఎవరికి నచ్చిన దారిన వాళ్లు తిరగాలి అన్నది నా వాదన.

ఇప్పుడు జరుగుతున్నదేమిటో చూడండి. ఏలూరు నుంచో తాడేపల్లిగూడెం నుంచో విశాఖ వెళ్లే కుటుంబం సింహాచలం, కైలాసగిరి, బీచి, జలాంతర్గామి మ్యూజియం, బొర్రా, అరకు అన్నీ రెండు మూడు రోజుల్లో ముగించాలనుకుంటుంది. ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చాం కదా, ఒక్కటీ వదలకూడదన్న పంతం. తీరా బొర్రా గుహల దగ్గర మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ ఆ మెట్లు దిగలేదు. ఆమెను ఒంటరిగా వదలలేరు కాబట్టి కోడలు కూడా బయటే ఆగిపోతుంది. చేతిసంచులు, నీళ్ల సీసాలు, నిద్రపోతున్న చంటిపిల్ల అన్నీ వాళ్ల దగ్గరికే చేరతాయి. లోపలికి వెళ్లినవాళ్లు పైన ఎదురుచూస్తుంటారన్న తొందరలో సగం చూసి తిరిగొస్తారు. అంటే కుటుంబం విడిపోవడం ఎలాగూ జరుగుతూనే ఉంది. కాకపోతే ఎవరూ ముందుగా అనుకోకుండా, ఎవరినీ అడగకుండా, భారమంతా ఒకరిద్దరి మీదే పడేలా జరుగుతోంది. ముందే అనుకుని విడిపోతే నాయనమ్మ ఆ పూట సింహాచలంలో తీరిగ్గా దర్శనం చేసుకునేది, కోడలూ గుహలు చూసేది.

మన ప్రాంతమే తీసుకుంటే సంగతి మరింత తేటగా తెలుస్తుంది. హైదరాబాదు నుంచో అమెరికా నుంచో సెలవులకు వచ్చిన బంధువులను కొల్లేరు చూపిస్తామని మే నెల మిట్టమధ్యాహ్నం తీసుకెళ్లడం మనకు అలవాటు. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు కదా, చూపించకపోతే ఎలా అనుకుంటాం. కానీ వలస పక్షుల కాలం అక్టోబరు నుంచి మార్చి వరకు. ఆటపాకలో గూడబాతుల సందడి చూడాలంటే చలికాలంలో రావాలి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణంలోనే అయిపోతుంది. నడివేసవిలో సరస్సు కుంచించుకుపోయి, నీళ్లుండాల్సిన చోట బీటలు కనిపిస్తాయి. అలాగని వేసవిలో కొల్లేటి సీమలో చూడదగిందే లేదని కాదు. తెల్లవారుజామున చేపల చెరువు గట్టు మీదికి వెళితే, చిల్లులు పెట్టిన బస్తాల్లో తవుడు, చెక్క నింపి వెదురు గడలకు కట్టి నీళ్లలోకి దించడం చూడొచ్చు. బొచ్చె, శీలావతి ఆ చిల్లుల దగ్గరికే వచ్చి మేస్తాయి. పట్నంలో పెరిగిన పిల్లలకు, వ్యవసాయం మీద ఆసక్తి ఉన్నవాళ్లకు అది గొప్ప పాఠం. నిద్ర చాలని కుర్రాడికి, బీపీ మాత్రలు వేసుకునే పెద్దాయనకు మాత్రం అది శిక్ష. ఇష్టమున్న ముగ్గురు అయిదింటికి వెళ్లి తొమ్మిదింటికల్లా ఏలూరు వచ్చేస్తే అందరూ కలిసి టిఫిన్ చేయొచ్చు. కొల్లేరు చూశామన్న తృప్తీ మిగులుతుంది, ఎవరూ ఎవరినీ తిట్టుకోరు.

ద్వారకా తిరుమల, గుంటుపల్లి సంగతీ అంతే. రెండూ ఏలూరుకు 40 కిలోమీటర్ల అటూఇటూ దూరంలోనివే, ఒకదానికొకటి దగ్గరే. చిన్న తిరుపతిగా పిలిచే ద్వారకా తిరుమల కొండ మీదికి బండి వెళుతుంది కాబట్టి పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు. జీలకర్రగూడెం దగ్గరి గుంటుపల్లి బౌద్ధ గుహలకు మాత్రం మెట్లెక్కాలి, పైన నీడ తక్కువ. క్రీస్తుకు పూర్వం నాటి ఆ గుండ్రని చైత్యంలో నిలబడి పైకి చూస్తే, గుడిసె కప్పుకు వేసే వాసాలను రాతిలో యథాతథంగా చెక్కిన తీరు కనిపిస్తుంది. చరిత్ర మీద మక్కువ ఉన్నవాళ్లు అక్కడ గంటసేపు కదలరు, లేనివాళ్లకు పది నిమిషాలు చాలు. ఒకే బండి పొద్దున్నే పెద్దవాళ్లను కొండ మీద దించి, మిగిలినవాళ్లను గుహల దగ్గరికి తీసుకెళ్లి, ఎండ ముదరకముందే అందర్నీ వెనక్కి తేవచ్చు. రెండో బండి ఖర్చు కూడా లేదు. ఇక్కడ కావలసింది డబ్బు కాదు, వేళల లెక్క. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. కాబట్టి పదకొండు నుంచి నాలుగు దాకా నీడపట్టున ఉండడం ఏ యాత్రలోనైనా మార్చడానికి వీల్లేని నియమం కావాలి. అలా చూస్తే రోజుకు మిగిలేవి పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత. చూడవలసిన చోట్ల సంఖ్యతో మొదలుపెట్టకుండా ఈ రెండు విడతలతో మొదలుపెడితే ప్రయాణం దానంతటదే తేలికపడుతుంది.

ఏడాదికోసారి దొరికే నాలుగు రోజుల్లోనూ తలోదిక్కుకు పోతే అది కుటుంబ యాత్ర ఎలా అవుతుందని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. పట్నాల్లో ఉద్యోగాలు చేసుకుంటూ పండక్కి తప్ప కలవని కుటుంబాలకు కలిసి గడపడమే అసలు ఉద్దేశం. అయితే కలిసి గడపడం వేరు, ఒకరి వెనక ఒకరు నడవడం వేరు. తిరుమల యాత్రలో మనం ఏనాడో ఈ తేడా గ్రహించాం. కుర్రకారు అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి వెళతారు, పెద్దవాళ్లు బస్సులో కొండెక్కుతారు, పైన అందరూ కలుసుకుంటారు. దాన్ని కుటుంబం చీలిపోవడమని ఎవరూ అనలేదు. పైగా ఎవరి నడక ముచ్చట వాళ్లు చెప్పుకోవడంతో ఆ పూట భోజనం ఇంకాస్త సాగుతుంది. రోజంతా ఒకే వ్యానులో కూర్చున్నవాళ్లకు రాత్రికి చెప్పుకోవడానికి కొత్తగా ఏమీ మిగలదు.

ఇంకో అభ్యంతరం దీనికన్నా గట్టిది. ఎవరి ఇష్టం వాళ్లదైతే చంటిపిల్లలు, మందులు, పెద్దల పథ్యం మళ్లీ ఇల్లాలి నెత్తినే పడతాయన్నది. ఇష్టాలు పంచుకుని బాధ్యతలు పంచుకోకపోతే తప్పకుండా అలాగే అవుతుంది. అందుకే వంతులు ముందే రాసుకోవాలి. మొదటి రోజు సాయంత్రం పిల్లలు నాన్న దగ్గర, మర్నాడు పొద్దున బాబాయి దగ్గర అన్నట్టు. ఏ పూట తన చేతిలో ఏ పనీ ఉండదో అమ్మకు ఇంట్లో ఉండగానే తెలియాలి. పులిహోర, చపాతీలు కట్టుకుని బయల్దేరడం పొదుపే. కాకపోతే బయల్దేరే రోజు మూడింటికే లేచి అవి చేసిన మనిషి రైల్లో కూర్చునే సరికే అలిసిపోయి ఉంటుందన్నదీ ఆ లెక్కలో చేరాలి. ఖర్చు విషయానికొస్తే, రోజుకో ఊరు మారే యాత్రకన్నా ఒకేచోట బస ఉన్న యాత్రే సాధారణంగా చవక. గదులు మారడం ఉండదు, సామాన్లు మోసే బాధ ఉండదు, దూరపు టాక్సీలు తగ్గుతాయి. 2020 మార్చి నుంచి రైళ్లలో వృద్ధులకు రాయితీ కూడా లేదు కాబట్టి, పెద్దవాళ్లున్న ఇంటికి ఈ పొదుపు అవసరమే.

ఇవన్నీ బయల్దేరే ముందురోజు తేలే విషయాలు కావు. రైలు టికెట్ల ముందస్తు గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60కి తగ్గించారు. మే రెండో వారం ప్రయాణానికి మార్చి రెండో వారంలో టికెట్లు తీయాలి, అప్పుడు చాలా ఇళ్లలో పదో తరగతి పరీక్షల హడావిడి. అందుకని వేసవి సంగతి సంక్రాంతికే తేల్చుకోవడం మేలు. గోదావరి జిల్లాల్లో ఎక్కడెక్కడి వాళ్లూ ఇల్లు చేరేది అప్పుడే. కనుమ నాటి భోజనాలయ్యాక ఇంట్లో ప్రతి ఒక్కరినీ, పిల్లల్ని కూడా, రెండు ప్రశ్నలు అడగాలి. ఏది చూడకపోతే నీకు వెలితిగా ఉంటుంది? ఏది చేయాల్సి వస్తే నీకు విసుగు? మొదటిదానికి అందరూ మొహమాటం లేకుండా జవాబిస్తారు. రెండోదానికి పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, నాకేం పర్లేదు అనేస్తారు. ఆ మాటను జవాబుగా తీసుకోకుండా మళ్లీ అడగాలి. ఆ రెండో జవాబు రాబట్టగలిగిన ఇంటికి ఏ ఊరు వెళ్లాలన్నది పెద్ద సమస్య కాదు.