చల్లని వేళలన్నీ వంటింటికేనా?

ఉద్యోగం నుంచి రిటైరయ్యామనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఇక ఎక్కడికి వెళ్తున్నారు?" అని. మగవాళ్ళనైతే కాశీకా, చార్‌ధామ్‌కా అంటారు. ఆడవాళ్ళనైతే అబ్బాయి దగ్గరికా, అమ్మాయి దగ్గరికా అంటారు. ఇక వేసవి వచ్చిందంటే ఊటీ, అరకు, కొడైకెనాల్ కబుర్లు సరేసరి. ఇంటికి పదినిమిషాల నడక దూరంలో, పైసా ఖర్చు లేకుండా, రోజూ రెండుగంటలు ఆరుబయట హాయిగా కూర్చుని ఎండాకాలాన్ని అనుభవించవచ్చని మాత్రం ఎవరూ అనరు. మగవాడు అలా కూర్చుంటే "పాపం, కాలక్షేపం" అంటారు. ఆడది కూర్చుంటే "ఈవిడకి ఇంట్లో పనేం లేదా?" అంటారు.

పని లేకపోవడమేమిటి? ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసుని 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెంచారు. బడి నుంచి మనల్ని ఎప్పుడు పంపాలో, ఆఫీసు నుంచి ఎప్పుడు పంపాలో జీవో ఉంది. వంటింట్లోంచి ఎప్పుడు పంపాలో ఏ జీవోలోనూ లేదు. పైగా వేసవిలోనే ఆ ఉద్యోగం రెండింతలవుతుంది. మనవలొస్తారు. ఆవకాయ పెట్టాలి, వడియాలు పెట్టాలి, ఏడాదికి సరిపడా కారం ఆడించాలి. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన నాలాంటిది కూడా సెలవుల్లో మునుపటికంటే ఎక్కువ పని చేస్తుంటే, ఇందులో విరమణ ఎక్కడుంది?

నేను చెప్పదలచుకున్నది ఒక చిన్న లెక్క. మా రాజమండ్రిలో మే నెల మధ్యలో పొద్దు పొడిచేది అయిదున్నరకి. కుంకేది ఆరున్నరకి. ఉదయం తొమ్మిది దాటితే గుమ్మం దాటలేం. సాయంత్రం అయిదు దాకా తలుపు తీయలేం. కాబట్టి ఆరుబయట మనిషి హాయిగా ఉండగలిగేది పొద్దున్న అయిదు నుంచి ఏడున్నర దాకా, సాయంత్రం అయిదున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా. ఇప్పుడు మన దినచర్యని దీని పక్కన పెట్టి చూడండి. అయిదింటికి పాలు కాచడం, ఆరింటికి కాఫీ, ఏడింటికి టిఫిను. సాయంత్రం అయిదున్నరకి మళ్ళీ కాఫీ, ఆరున్నరకి దీపం, ఏడింటికి కుక్కరు, ఎనిమిదింటికి వడ్డన. మనకి కాస్త తీరిక దొరికేది పదకొండు నుంచి నాలుగు దాకా. అప్పుడు బయటికెళ్తే వడదెబ్బే!

చల్లని వేళలన్నీ వంటింటికి, మండే వేళలన్నీ మనకి. ఇది ఎవరు చేసిన పంపకం? అందులోనూ ఆ చల్లని వేళల్లో మనం నిలబడేది ఇల్లంతటికీ వేడిగా ఉండే గదిలో. అంచేత ఆడవాళ్ళకి ఆరుబయట సుఖాన్ని దూరం చేసేది ఎండ కాదు, పొయ్యి.

తెల్లవారుజామున గోదావరి గట్టు మీదికెళ్ళి చూడండి. రిటైరైన పెద్దమనుషులు గుంపులు గుంపులుగా నడుస్తుంటారు. రాజకీయాలు, షుగరు, పెన్షను అన్నీ మాట్లాడుకుని ఇళ్ళకెళ్ళేసరికి వేడివేడి కాఫీ సిద్ధంగా ఉంటుంది. ఆ కాఫీ కలిపినావిడ ఆ పూట గట్టు మీదికి రాలేదన్నమాటే కదా! షుగరూ, మోకాళ్ళ నొప్పులూ ఆవిడకీ ఉన్నాయి. డాక్టరు నడవమన్నది ఇద్దర్నీ.

మా ఇంట్లో ఈ లెక్కని రెండేళ్ళ క్రితం తిరగరాశాం. వేసవి మూడు నెలలూ పొద్దున్న ఏడున్నర దాకా పొయ్యి దగ్గరికి నేను వెళ్ళను. ఫిల్టర్‌లో డికాక్షన్ రాత్రే వేసి ఉంచుతాం. పాలు కాచుకోవడం మావారికి వారంలో వచ్చేసింది. టిఫిను బదులు పెరుగు కలిపిన చద్దన్నం, ఉల్లిపాయ, కొత్తావకాయ. ఇడ్లీ లేదని మొదట్లో మొహం ముడుచుకున్న మనవలే ఇప్పుడు పోటీలు పడి తింటున్నారు. రాత్రి వంట నాలుగింటికల్లా అయిపోతుంది. వేడిగా తినాలనుకున్నవాళ్ళు వేడి చేసుకుంటారు. ఇంతే. ఇంట్లో ఎవరూ పస్తులుండలేదు, నాకు మాత్రం రోజుకి నాలుగు గంటలు దొరికాయి.

ఆ నాలుగు గంటల్లో ఏముంది అంటారా? ముందు మా వీధే ఉంది. ఏప్రిల్ వచ్చేసరికి కానుగ చెట్టు పాత ఆకు రాల్చి, లేతాకుపచ్చ గొడుగు వేసుకుంటుంది. రాత్రయితే దిరిసెన పూల వాసన. మే నెలలో వీధి చివర తురాయి చెట్టు ఎర్రగా, రేల చెట్టు పసుపుపచ్చగా విరగబూస్తాయి. వేప చెట్టు మీంచి కోకిల ఒకటే గోల. కోకిల కంఠమని ఆడవాళ్ళని పొగుడుతారు గానీ, "కుహూ" అని కూసేది మగకోకిల! ఒంటినిండా మచ్చలున్న ఆడకోకిల కాకిగూటి కోసం వెతుక్కుంటూ ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు పాఠంగా చెప్పాను దీన్ని. ఆ మచ్చల పిట్టని కళ్ళారా చూసింది మాత్రం రిటైరయ్యాకే.

సాయంత్రం గోదావరి ఒడ్డు. దిగువన ధవళేశ్వరం ఆనకట్ట ఉంది కనుక మా ఊరి దగ్గర వేసవిలోనూ నీళ్ళు నిలిచే ఉంటాయి. మాది తూర్పు ఒడ్డు కావడంతో పొద్దు సరిగ్గా నీటికవతల, కొవ్వూరు వైపున కుంకుతుంది. 1900లో మొదలై 1997లో రైళ్ళు ఆగిపోయిన పాత హేవలాక్ వంతెన ఒక పక్క, దాని బదులు వచ్చిన ఆర్చి వంతెన మరో పక్క. మెట్ల మీద కూర్చుంటే గాలి దానంతటదే వస్తుంది. ఈ దృశ్యం చూడటానికి ఎక్కడెక్కడివాళ్ళో టికెట్టు కొనుక్కుని వస్తారు. ఊళ్ళో పుట్టి పెరిగి, పుష్కరాలకి తప్ప ఘాట్‌కి రాని ఆడవాళ్ళని నేనెరుగుదును.

రాత్రి డాబా. మే నెలలో ఎనిమిది దాటాక ఉత్తరాన సప్తర్షి మండలం పైకొచ్చి ఉంటుంది. వశిష్ఠుడి పక్కన మినుకుమినుకుమనే అరుంధతిని పెళ్ళినాడు చూపిస్తే అందరం తలూపినవాళ్ళమే, నిజంగా చూసినవాళ్ళు ఎందరు? దక్షిణాన కిందికి చూస్తే నాలుగు చుక్కల త్రిశంకు. మనవలకి ఇవన్నీ చూపిస్తుంటే సెల్‌ఫోను ఊసే ఎత్తరు. మే 8, 9 తేదీల ప్రాంతంలో మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. గుమ్మంలో చెంబు నిలబెడితే పక్కన నీడే పడదు. ఒక్క నిమిషం చూసి లోపలికొచ్చేస్తాం. పిల్లలు ఏడాదంతా దాన్నే చెప్పుకుంటారు.

అయితే అడ్డుపుల్లలు లేకపోలేదు. "ఎండ తగులుతుంది, వద్దు" అంటారు. మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కి వడియాలు తిరగేసేటప్పుడు, మిరపకాయలు ఎండబోసేటప్పుడు ఎవరికీ గుర్తురాని ఎండ, సాయంత్రం ఘాట్‌కి వెళ్తాననేసరికే గుర్తొస్తుంది! "ఒక్కదానివే ఎక్కడికి?" అంటారు. గుడికైతే ఫరవాలేదు, మార్కెట్టుకైతే ఫరవాలేదు, మనవణ్ణి ట్యూషన్‌లో దింపడానికైతే ఇంకా మంచిది. ఊరికే కూర్చోవడానికి మాత్రం కారణం చూపించాలి. గొలుసు లాక్కుపోతారన్న భయం నిజమైనదే. గొలుసు ఇంట్లో పెట్టి, నలుగురం కలిసి వెళ్దాం.

ఇంకోమాట. అత్తగారు గట్టు మీద కూర్చుంటే కోడలు పొయ్యి దగ్గర నిలబడాల్సి వచ్చిందంటే మనం సాధించింది ఏమీ లేదు. ఆ పిల్ల ఉద్యోగం చేసొచ్చి చెమటలు కక్కుతుంటే మనకి గాలి ఎలా సహిస్తుంది? పని చేతులు మారడం కాదు, పని తగ్గాలి. మిగిలింది ఇంట్లో మగవాళ్ళతో సహా అందరూ పంచుకోవాలి.

అలాగని ఎండని తేలిగ్గా తీసుకోమనడం లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. 2015 మే నెలలో వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో సుమారు రెండువేల మంది చనిపోయారు. అరవై దాటాక ఒంట్లో నీరు తగ్గినా దాహం వెంటనే తెలియదు, చెమట పట్టడమూ తగ్గుతుంది. కాబట్టి దాహం కోసం చూడకుండా తాగుతుండాలి. ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఉత్తమం. బీపీ, గుండె, కిడ్నీ మందులు వాడేవాళ్ళు మాత్రం ఎంత నీరు, ఎంత ఉప్పు అన్నది డాక్టర్ని ముందే అడగాలి. కోస్తాలో ఉక్క వల్ల చెమట ఆరదు గనుక డిగ్రీలు తక్కువున్నా ప్రమాదమే. ఎవరికైనా ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మగతగా ఉంటే వెంటనే నీడకి చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ, విసురుతూ, 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి అసలు విషయం చెప్పేస్తాను. బయటికెళ్ళే ముందు మన ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. ఎందుకో మీకూ తెలుసు, నాకూ తెలుసు. వెళ్ళిన చోట మరుగుదొడ్డి ఉండదు, ఉంటే తాళం ఉంటుంది, తాళం లేకపోతే అడుగు పెట్టలేం. వేసవిలో నీళ్ళు మానెయ్యడమంటే జబ్బుని పిలిచి పీట వెయ్యడమే. పార్కుకి రంగులు వెయ్యడం, విగ్రహం పెట్టడం, సెల్ఫీ పాయింటు కట్టడం తర్వాత సంగతి. ముందు శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీళ్ళు, వీపు ఆనించుకునే బెంచీ, వెలిగే దీపం కావాలి. పార్కు గేటు అయిదింటికల్లా తెరవాలి. కరెంటు తీగలకి తగులుతున్నాయని నడివేసవిలో కొమ్మల్ని మొదలంటా నరకడం మానాలి. మొదళ్ళ చుట్టూ గుక్కెడు నీరు ఇంకకుండా సిమెంటు చెయ్యడం మానాలి. ఒక్క చెట్టు నీడ పోతే ఒక వీధి ఆడవాళ్ళ సాయంత్రం పోయినట్టే.

అపార్ట్‌మెంట్లలో అయితే మరీ విచిత్రం. డాబా అందరిదీ, తాళంచెవి ఒక్కరిది! పిల్లలు పడిపోతారనీ, ట్యాంకు పాడవుతుందనీ తాళం వేసేస్తారు. అసోసియేషన్ మీటింగుకి వెళ్ళేది ఎక్కువగా మగవాళ్ళే గనుక ఈ ఊసే రాదు. ఈసారి మీటింగుకి మనం వెళ్దాం. సాయంత్రం అయిదున్నర నుంచి తొమ్మిది దాకా డాబా తెరిచి ఉంచాలని అడుగుదాం.

ముంజల గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగే మనిషికి ఈ గొడవంతా విలాసంగా కనిపించవచ్చు. ఆమెకి ఆరుబయట అంటే పని, విశ్రాంతి కాదు. పదవీ విరమణ ఆమె ఎరగదు. అందుకే ఆ నీడ, ఆ నీళ్ళు, ఆ మరుగుదొడ్డి మనకంటే ముందు ఆమెకి కావాలి. మనం అడిగి సాధిస్తే ఆమెకీ దక్కుతాయి. బేరమాడకుండా నాలుగు ముంజలు కొని, మన అరుగు మీద కాసేపు కూర్చోమనడానికైతే ఏ మునిసిపాలిటీ అనుమతీ అక్కర్లేదు.

యాత్రలు వద్దనను. ఓపిక, డబ్బు ఉన్నవాళ్ళు వెళ్ళి రండి. కానీ యాత్ర పది రోజులే, వేసవి మూడు నెలలు. మనకి మిగిలిన వేసవులు కూడా లెక్కపెట్టుకునేటన్నే. వాటిని కిటికీలోంచి చూస్తూ గడిపేద్దామా? రేపు సాయంత్రం అయిదున్నరకి స్టవ్ కట్టేసి, మజ్జిగ సీసా పట్టుకుని, పక్కింటావిణ్ణి కేకేసి గుమ్మం దిగండి. ఎక్కడికని ఎవరైనా అడిగితే "ఎక్కడికీ లేదు, ఊరికే" అనండి. ఆ "ఊరికే" అనే హక్కు కోసమే ఇంతసేపూ చెప్పింది.