కోసిన గడ్డి ఎవరి పని?

మా హిందూపురం ఇంటి ముందు పదిహేను అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పున చిన్న లాన్ ఉంది. అది మావారి ముచ్చట. గడ్డి కోసే మిషన్ కూడా ఆయనే కొనుక్కొచ్చారు. ఆదివారం పొద్దున మా అబ్బాయి దాన్ని అటూ ఇటూ తోస్తాడు. వచ్చినవాళ్ళు "ఎంత బాగా పెంచారో!" అని వాళ్ళిద్దరినీ మెచ్చుకుంటారు. కోసిన గడ్డి మాత్రం నా వాటా. ఇంట్లో ఏ పని ఎవరు మొదలుపెట్టినా, చివర మిగిలే చెత్త ఇల్లాలి ఖాతాలోకే వస్తుందని మీకు చెప్పక్కర్లేదు కదా!

చాలాకాలం నేను దాన్ని ప్లాస్టిక్ సంచుల్లో కుక్కి, మూతి కట్టి గోడ పక్కన పెట్టేదాన్ని. రెండు రోజులకే ఒకటే కంపు. కిందటి వానాకాలంలో అలాంటి సంచులు నాలుగైదు పోగయ్యాయి. మావారికి విసుగొచ్చి, అన్నీ ఒకచోట గుమ్మరించి అగ్గిపెట్టె తెమ్మన్నారు. పెనుకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన మా అత్తమ్మ అప్పుడు వరండాలో కూర్చుని ఉన్నారు.

"ఏంరా, గడ్డికి అగ్గి పెడతాండావా?" అన్నారు. కోపంగా కాదు, నమ్మలేనట్టు.

ఆవిడ బాధ తర్వాత చెబితే అర్థమైంది. మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. వేరుశనగ పండితే కాయలు మనుషులకు, కట్టె పశువులకు. వాన తప్పితే రెండూ పోతాయి. అలాంటి ఒక కరువేడాది మేత లేక మా మామగారు కాడెద్దులను వచ్చిన ధరకు అమ్మేశారట. వాటిని తోలుకుపోతుంటే చూడలేక ఆవిడ ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నారట.

సరే, ఆ గడ్డిని గంపకెత్తుకుని వెనక వీధిలో ఎనుములున్నావిడ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆవిడ గంపలో చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. లోపల వేడిగా ఉంది. "దీనికి మందేమన్నా కొట్టినారా?" అని అడిగింది. పది రోజుల కింద కలుపు మందు కొట్టించిన సంగతి నాకు గుర్తొచ్చింది. "వద్దులే పెద్దమ్మా, ఎనుములకేమన్నా అయితే మాకు పాలెట్లా?" అంది. ఆవిడ ఇల్లు గడిచేది ఆ పాలమీదే. సిగ్గుతో తల దించుకున్నాను. నేను మేత అనుకుని తీసుకెళ్ళింది నిజానికి నా చెత్తే.

అందుకే నా అభిప్రాయం ఇది: ఈ కరువు నేల మీద లాన్ పెంచుకునేవాళ్ళు కోసిన గడ్డిని వీధి మీదికి, ఇంకొకరి మీదికి తొయ్యకూడదు. ఆవుకు వేస్తే పుణ్యమే, కానీ మందు తగలని గడ్డి, మిషన్ నూనె అంటని గడ్డి, అప్పటికప్పుడు కోసింది అయితేనే. పచ్చిగడ్డి కుప్పగా ఉంటే లోపల కుళ్ళి వేడెక్కుతుంది. అది మేతకు పనికిరాదు. ప్లాస్టిక్ సంచితో సహా వీధిలో పడేస్తే ఆవు ఆ సంచినీ మింగుతుంది. ఇక కాల్చడమంటారా, వీధుల్లో చెత్త పారేయకూడదు, కాల్చకూడదు, తోట చెత్తను విడిగా ఇంటి ఆవరణలోనే ఉంచాలి అని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి.

మరి ఏం చెయ్యాలి? అన్నిటికన్నా సులువు, కోసినదాన్ని లాన్ మీదే వదిలెయ్యడం. గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి కోయకపోతే ఆ చిన్న ముక్కలు కొద్ది రోజుల్లోనే ఎండి అడుగుకు దిగిపోతాయి. అందులోని నత్రజని మళ్ళీ నేలకే చేరుతుంది. ఎరువు ఖర్చూ తగ్గుతుంది. "చూడ్డానికి బాగుండదు" అని మావారు గొణిగారు. రెండు రోజులు ఓపిక పట్టమన్నాను.

గడ్డి పొడుగ్గా పెరిగినప్పుడు మాత్రం ఊడ్చి, నీడలో పలచగా ఆరబెట్టి, మొక్కల మొదళ్ళకు అంటకుండా చుట్టూ పరుస్తున్నాం. ప్రకృతి సేద్యం చేసే రైతులు ఆచ్ఛాదన అనేది దీన్నే. ఎండకు నేల ఆరిపోదు. పచ్చిది మందంగా వేస్తే బంకలా అతుక్కుపోతుంది, ఆ తప్పు నేను చేశాను. ఇంకా మిగిలితే ఎండుటాకులతో కలిపి గుంటలో వేస్తాం. కలుపు మందు మానేశాం. కలుపును చేత్తోనే పీకుతున్నాం.

ధర్మవరంలో మా చెల్లెలికి లాన్ లేదు, మేడ మీద కుండీలున్నాయి. ఇప్పుడు ఎండుగడ్డి సంచి ఒకటి దానికీ ఇస్తున్నాను. అదే అడిగింది కాబట్టి! రెండు పూటలా నీళ్ళు పోసే కుండీలకు ఇప్పుడు ఒక పూట చాలుతోందట.

అసలు మన ఊళ్ళలో లాన్ అవసరమా అని మీరు అడగొచ్చు. ఆ వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు. సగం తీసేసి కనకాంబరాలు వేద్దామని నేనంటున్నాను. ఒక్క విషయం మాత్రం తేలిపోయింది. గడ్డి కోసినవాళ్ళే దాని సంగతి చూడాలి. ఆదివారం మా అబ్బాయి మిషన్ కడిగి, గడ్డి పరిచాకే టిఫిన్‌కు వస్తున్నాడు.

మొన్న అత్తమ్మ వచ్చి కరివేపాకు చెట్టు కింద ఎండుగడ్డి పక్కకు జరిపి చూశారు. మట్టి చల్లగా, తడిగా ఉంది. ఏమీ అనలేదు. గడ్డిని మళ్ళీ మునుపటిలా సర్దారు.