అందరం ఫార్వర్డ్‌లమైతే బంతి ఎవరిస్తరు?

పోయిన నెల సూర్యాపేటలో ఆడిన మ్యాచ్‌లో 1-5తో ఓడిపోయాం. తిరిగి కోదాడ వచ్చేదాకా బస్సులో ఎవ్వరం మాట్లాడలేదు. తప్పు నాదే. "ఈసారి అటాక్ చేద్దాం రా" అని 4-2-4 పెట్టించింది నేనే.

వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు. నోట్‌బుక్‌లో గీస్తే అదిరిపోయింది. గ్రౌండ్‌లోకి దిగాక ముందున్న నలుగురం బంతి కోసం చేతులూపుకుంటూ నిలబడ్డాం. మధ్యలో మా ఇద్దరి మీదికి అవతలి వాళ్లు నలుగురు వచ్చారు. బంతి పోయిన ప్రతిసారీ ఉరికింది ఆ ఇద్దరే.

బస్సు దిగేటప్పుడు ఆ ఇద్దరిలో ఒకడు, మిర్యాలగూడ తమ్ముడు, మెల్లగా అన్నాడు: "అన్నా, రేపట్నించి నేను రాను. గోల్ పడితే మమ్మల్నే తిడ్తరు. మనం కొడితే మా పేరు ఎవ్వరూ తియ్యరు."

అప్పట్నించి ఆలోచిస్తున్నా. 4-2-4 తప్పా, మేం తప్పా? మేమే తప్పు అని నా అభిప్రాయం.

1958లో బ్రెజిల్ వరల్డ్ కప్ గెలిచింది ఈ ఫార్మేషన్‌తోనే. ముందు గారించా, వావా, పీలే, జగాలో. మధ్యలో దీదీ, జీతో. అయితే జగాలో లెఫ్ట్ వింగ్‌లో ఊరికే నిలబడలేదు. బంతి పోగానే వెనక్కి వచ్చి మధ్యలో మూడోవాడయ్యేవాడు. అంటే 4-2-4 కాస్తా 4-3-3 అయ్యేది. ఆ వెనక్కి ఉరకడంలోనే ఫార్మేషన్ ప్రాణం ఉంది. మేం నంబర్లు కాపీ కొట్టాం, ఉరుకుడు కొట్టలేదు.

అంత దూరం ఎందుకు? మన దేశానికి 4-2-4 నేర్పినవాడిగా పేరున్న సయ్యద్ అబ్దుల్ రహీమ్ మన హైదరాబాద్ ఆయనే. 'మైదాన్' సినిమా ఆయన గురించే. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మన జట్టు మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఫైనల్‌లో అదే కొరియాను 2-1తో ఓడించి గోల్డ్ కొట్టింది. తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ ముందుకు పంపితే, ఆయన ఫైనల్‌లో గోల్ కొట్టాడు. గోల్ కొట్టిన పీకే బెనర్జీ గుర్తున్నాడు, కెప్టెన్ చునీ గోస్వామి గుర్తున్నాడు, సికింద్రాబాద్ బలరాం గుర్తున్నాడు. మధ్యలో ఆడిన ఫ్రాంకో, ప్రశాంత సిన్హా పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? వారం కిందటి దాకా నాకూ తెలియదు.

మన ఊళ్లల్లో వాలీబాల్ ఆడినోళ్లకి ఇది కొత్త కాదు. లిఫ్టర్ సరిగ్గా లేపకపోతే ఎంత పెద్ద షూటరైనా గాలినే కొడతాడు. చప్పట్లు మాత్రం షూటర్‌కే. మన గ్రూప్ ప్రాజెక్టులూ అంతే. ప్రెజెంటేషన్‌కి నలుగురు రెడీ, రాత్రంతా కూర్చొని కోడ్ సరిచేసేది ఒక్కడు.

"మనకెందుకు రిస్క్, 4-4-2 ఆడుదాం" అంటున్నారు కొందరు. సేఫే, కాదనను. కానీ వెనక్కి రాని వింగర్ ఏ ఫార్మేషన్‌లోనైనా వెనక్కి రాడు. నంబర్ మార్చితే రోగం పోదు.

అందుకే నేను రెండు మాటలు అడుగుతున్నా. సెలెక్షన్‌లో ముందుగా మధ్యలో ఆడే ఇద్దర్ని ఎంచుదాం, స్ట్రైకర్లను తర్వాత చూద్దాం. బంతి పోయాక వెనక్కి ఉరకని వింగర్‌ని బెంచ్ మీద కూర్చోబెడదాం. ఆ లెక్కన మొదట కూర్చోవాల్సింది నేనే, ఎందుకంటే ఆ రోజు లెఫ్ట్ వింగ్ నాదే.

మిర్యాలగూడ తమ్ముడికి నిన్న ఫోన్ చేసి ఇదే చెప్పా. "చూస్త అన్నా" అని పెట్టేశాడు. సాయంత్రం వస్తాడో రాడో తెలియదు. వస్తే మాత్రం బూట్లు వేసుకునేలోపు వాడి పక్కన కూర్చొని ఒక మాట అడగాలి: నేను ఎంత వెనక్కి రావాలి తమ్మీ, నువ్వే చెప్పు.