ఫిర్యాదుల గడిలో గుండుసున్న

ఈ వారం ఒక పెద్ద కంపెనీ వార్షిక నివేదిక చదివి మనసు పాడైపోయింది. కంపెనీ పేరు అక్కర్లేదు. ఆ పేజీలు తీసి మరో కంపెనీ నివేదికలో కుట్టేసినా ఎవరూ పోల్చుకోలేరు. మానవ హక్కుల పట్ల తమ నిబద్ధత గురించి ముందు రెండు పేరాలు. పిల్లల్ని పనిలో పెట్టుకోం, వెట్టి చేయించం, కులమూ మతమూ చూసి వివక్ష పాటించం, మాకు సరుకు అందించేవాళ్లూ ఇదే పాటించాలి. ఆ కింద ఒక పట్టిక. లైంగిక వేధింపులు, వివక్ష, బాల కార్మికులు, వెట్టిచాకిరీ, వేతనాలు, ఇతరాలు. ఒక్కోదాని మీద ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎన్ని తేలకుండా ఉన్నాయి అని అడిగే పట్టిక. పైనుంచి కిందిదాకా అన్ని గడుల్లోనూ సున్నా. ఎన్ని ప్లాంట్లను పరిశీలించారన్న ప్రశ్నకి మాత్రం నూటికి నూరు శాతం.

వేలమంది మూడు షిఫ్టుల్లో పనిచేసే చోట ఏడాది పొడవునా ఒక్కరికి కూడా కూలి తక్కువ రాలేదా? ఒక్క ఆడమనిషిని కూడా ఎవరూ ఒక్క మాట అనలేదా? నేను నమ్మను. ఫిర్యాదు చేసే దారి లేని చోట మాత్రమే ఇన్ని సున్నాలు వస్తాయి.

మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు వార్షిక నివేదికలో భాగంగా ఇలాంటి బాధ్యతా నివేదిక ఇచ్చి తీరాలని 2022-23 నుంచి స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధన పెట్టింది. నిబంధన మంచిదే. కానీ ఫారం తీరు చూడండి. సొంత ప్లాంట్ల సంగతి తప్పనిసరి భాగంలో ఉంది. సరుకు అందించేవాళ్ల దగ్గర పిల్లలున్నారా, వెట్టి ఉందా అన్న పరిశీలన ఇష్టమైతే నింపే భాగంలో ఉంది. 2023లో సెబీ ఇంకో అడుగు వేసి, మొదటి 250 కంపెనీలు తమ సరఫరాదారుల వివరాలు కూడా ఇవ్వాలి, ఇవ్వకపోతే కారణం చెప్పాలి అంది. 2025 మార్చికల్లా అదీ స్వచ్ఛందమైపోయింది. అన్యాయం ఎక్కడ జరగడానికి ఎక్కువ వీలుందో సరిగ్గా అక్కడే కంపెనీ నోరు విప్పనక్కర్లేదు.

ఈ సంగతి తెలుగువాళ్లకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల సీడ్ పత్తి చేలల్లో మనం దీన్ని కళ్లారా చూశాం. హైబ్రిడ్ పత్తి విత్తనం మనిషి చేత్తో పుట్టాలి. సాయంత్రం పూట ఆడ మొక్కల సాళ్లలో దిగి, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గ ఏదో గుర్తుపట్టి, దాని రేకులూ పుప్పొడి తిత్తులూ గోటితో ఒలిచెయ్యాలి. మధ్యలో ఉన్న కీలానికి దెబ్బ తగలకూడదు. తెల్లారాక మగ మొక్క పువ్వు కోసుకొచ్చి ఆ కీలానికి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఒక్క పూట ఆగితే మొగ్గలు చేజారిపోతాయి, అందుకని వారాల తరబడి పండగా లేదు, జ్వరమూ లేదు.

ఈ పనికి ఆడపిల్లల్ని దించారు. ఎనిమిదేళ్లు, పదేళ్లు, పన్నెండేళ్లు. చిన్న వేళ్లయితే మొగ్గ నలగదన్నారు, మొక్క ఎత్తు వాళ్లకే సరిపోతుందన్నారు. అసలు కారణం అది కానే కాదు. పెద్దవాళ్ల కూలికన్నా తక్కువకి వస్తారు, చెప్పినంతసేపూ చేస్తారు, తండ్రి చేతిలో ముందే అడ్వాన్సు పెడితే సీజనంతా కదలరు. పురుగుమందు కొట్టిన చేలోనే ఆ పిల్లలు రోజంతా వంగి నిలబడ్డారు.

మరి కంపెనీ ఎక్కడుంది? కంపెనీ మూల విత్తనాన్ని ఆర్గనైజరుకిస్తుంది. ఆర్గనైజరు రైతుకిస్తాడు. రైతు కూలీల్ని పిలుస్తాడు. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 2003లో వెలువరించిన అధ్యయనం హిందుస్థాన్ లీవర్, సింజెంటా, మోన్‌శాంటో, అద్వాంటా, ప్రోఆగ్రో లాంటి కంపెనీలకి విత్తనం పండించే చేలల్లో పిల్లలు పనిచేస్తున్నారని పేర్లు పెట్టి చెప్పింది. అప్పుడు వినపడిన వాదన మనకి బాగా పరిచయమైనదే: పనిలో పెట్టుకున్నది రైతు, మాకేం సంబంధం? బాల కార్మికుల కోసం పనిచేసే శాంతా సిన్హా, ఆమె ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు ఊరూరా తిరిగి పిల్లల్ని బడిలో వేసి, ఇటు కంపెనీల్ని కూర్చోబెట్టి మాట్లాడబట్టి కొంత కదలిక వచ్చింది. కొన్ని కంపెనీలు పొలాలు తనిఖీ చేశాయి, పిల్లల్ని పెట్టుకోని రైతులకి బోనస్ ఇచ్చాయి.

2005లో వెంకటేశ్వర్లు, లూసియా ద కోర్టా కలిసి రాసిన ‘ద ప్రైస్ ఆఫ్ చైల్డ్‌హుడ్’ అసలు ముడి ఎక్కడుందో చూపించింది. కంపెనీ విత్తనానికి కట్టే ధర పెద్దవాళ్లకి మార్కెట్ కూలి ఇచ్చి పండించడానికి చాలదు. సీడ్ పత్తి సాగు ఖర్చులో సగం దాకా కూలీలదే. ఎరువు ధర రైతు తగ్గించలేడు, మందు ధర తగ్గించలేడు. తగ్గించగలిగింది కూలి ఒక్కటే. పిల్లల్ని పెట్టుకోవద్దని ఒప్పందంలో రాయించుకున్న కంపెనీయే, పిల్లల్ని పెట్టుకుంటే తప్ప గిట్టని ధర కూడా రాసింది.

ఈ ధర సంగతి ఈ శీర్షికలో నేను చాలాసార్లు రాశాను, ఇంకా రాస్తాను. ఏ కంపెనీ హక్కుల విధానం చేతికొచ్చినా నేను వెతికేది ఒక్కటే. మీకు సరుకిచ్చేవాడికి ఎంత కట్టారు? మీ కాంట్రాక్టరుకి తలకి ఎంత కట్టారు? ఆ రేటులో కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ, ఓవర్‌టైం, బూట్లు, శిక్షణ అన్నీ పట్టగా వాడికి ఏమైనా మిగులుతుందా? ఈ లెక్క ఏ నివేదికలోనూ కనబడదు. హక్కుల పేరాలు రాసేది ఒక విభాగం, టెండరు పిలిచి అందరికన్నా తక్కువకి పాడినవాడికి పని ఇచ్చేది మరో విభాగం. రెండో విభాగం ప్రతి ఏడాదీ రేటు పిండుతుంది. ఆ పిండిన డబ్బు కూలివాడి పీఎఫ్‌లోంచి, ఓవర్‌టైంలోంచి రాక ఎక్కణ్ణుంచి వస్తుంది?

హైదరాబాద్ పారిశ్రామికవాడ జీడిమెట్లలో ఒక ఒడిశా కుర్రాడు తన గేటు పాస్ చూపించాడు. ప్లాస్టిక్ కవరు అంచులు చిట్లి, ఫొటో సగం చెరిగిపోయింది. దాని మీద తను పనిచేసే కంపెనీ పేరు లేదు, కాంట్రాక్టరు పేరుంది. వెనక అత్యవసరమైతే ఫోన్ చెయ్యమని ఒక నంబరు. అదీ కాంట్రాక్టరుదే. జీతం పడే ఏటీఎం కార్డు మేస్త్రీ దగ్గరుంటుందట, నెలకోసారి డబ్బు తీసి చేతికిస్తాడట. లోపల గోడ మీద తెలుగులో, ఇంగ్లిషులో ఏవో రాసుంటాయి, నాకు రెండూ రావు అన్నాడు. ఈ కుర్రాడు ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి, ఏ భాషలో చెయ్యాలి? ఆ పట్టికలో సున్నా వేసినవాళ్లు ఇతన్ని లెక్కేసుకునే వేశారా?

సర్టిఫికెట్ల మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లు కరాచీని గుర్తు చేసుకోవాలి. అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీకి 2012 ఆగస్టులో ఒక ఇటలీ సంస్థ ఎస్ఏ8000 సర్టిఫికెట్ ఇచ్చింది, అక్కడ కార్మికుల పరిస్థితులు సవ్యంగా ఉన్నాయని దాని అర్థం. సెప్టెంబర్ 11న మంటలంటుకుని 250 మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,134 మంది పోయారు. ఆ భవనంలోని ఫ్యాక్టరీల్లోనూ ఆడిటర్లు తిరిగి చూసి వెళ్లారు. ఆడిట్ డబ్బు ఫ్యాక్టరీ కడుతుంటే, వచ్చే తేదీ ముందే తెలుస్తుంటే, కార్మికుడితో మాట్లాడేటప్పుడు సూపర్‌వైజరు పక్కనే ఉంటే ఆ కాగితానికి ఏం విలువుంటుంది?

మనకి అంత దూరం వెళ్లాల్సిన పనీ లేదు. 2025 జూన్ 30న హైదరాబాద్ దగ్గరి పాశమైలారంలో సిగాచీ ఫార్మా ఫ్యాక్టరీ పేలింది. జాడ దొరకని ఎనిమిది మందితో కలిపి 50 మందికి పైగా పోయారు. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లే చాలామంది. ఆ రోజుల్లో గేటు బయట తిరిగిన కుటుంబాల్ని మర్చిపోలేను. మావాడు లోపలున్నాడా, షిఫ్టు దిగి వెళ్లాడా, ఏ ఆసుపత్రిలో ఉన్నాడు అని చేతిలో ఫోన్‌లో ఫొటో పట్టుకుని కనబడ్డ ప్రతివాణ్ణీ అడిగారు. ఏ నిమిషాన ఎవరు లోపలున్నారో చెప్పే హాజరు పట్టీ గేటు దగ్గర ఉండాలి, నిప్పంటుకోని చోట దాని నకలూ ఉండాలి. హక్కుల విధానంలో మొదటి వాక్యం అదే కావాలంటాను. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఎసైన్షియా ఫార్మా ఫ్యాక్టరీ ప్రమాదంలో 17 మంది పోయినప్పుడూ ఇదే అన్నాం. అప్పుడూ కమిటీ వేశారు, అప్పుడూ పరిహారం ప్రకటించారు.

నిబద్ధత అంటే ఎలా ఉండాలో చెప్పమంటే దిండిగల్ చూపిస్తాను. తమిళనాట ఆ ప్రాంతంలోని ఒక బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే దళిత యువతి 2021 జనవరిలో హత్యకు గురైంది. ఆమె సూపర్‌వైజరే నిందితుడు. దళిత మహిళలు నడిపే తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్ పోరాడితే, 2022 ఏప్రిల్‌లో యజమాని కంపెనీ ఈస్ట్‌మన్ ఎక్స్‌పోర్ట్స్ ఆ యూనియన్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టింది. కొనుగోలుదారు హెచ్ అండ్ ఎం కూడా పెట్టింది, తరవాత గ్యాప్, పీవీహెచ్ చేరాయి. అది కట్టుబడక తప్పని ఒప్పందం. పాటించకపోతే కొనేవాళ్లు వ్యాపారం తగ్గించాల్సి వచ్చేది. కుట్టే లైన్లలోంచే ఆడవాళ్లని ఎంచి, వేధింపు కనబడితే ఏం చెయ్యాలో శిక్షణ ఇచ్చారు. మొదటి ఏడాదే 180కి పైగా ఫిర్యాదులొచ్చాయి, దాదాపు అన్నీ పరిష్కారమయ్యాయి. నాకు ఆ 180 మీద నమ్మకం ఉంది. అక్కడ ఆడవాళ్లు నోరు తెరవగలిగారని ఆ అంకె చెబుతోంది.

మన దగ్గర ఫార్మా క్లస్టర్లలో అలాంటి ఒప్పందం ఒక్కటి చూపించండి. యూనియన్ పేరెత్తితే మర్నాడు గేటు పాస్ పనిచెయ్యదు.

కంపెనీల్ని ఇంతగా అంటూ ప్రభుత్వాల్ని వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పనిని తొమ్మిది గంటల నుంచి పదికి, మూడు నెలల ఓవర్‌టైం హద్దును 75 గంటల నుంచి 144కి పెంచాలని తీర్మానించింది. జూలై మొదటి వారంలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి పది గంటల పనికి ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికి పాశమైలారంలో శిథిలాల కింద ఇంకా వెతుకుతున్నారు! వారానికి 48 గంటలు దాటదు కదా అని సర్దిచెబుతారు. ఓవర్‌టైం ఇష్టం ఉంటేనే అంటారు. ఊరుగాని ఊళ్లో, కాంట్రాక్టరు ఇచ్చిన గదిలో పదిమందితో పడుకునే మనిషికి ఇష్టం అనేది ఎక్కడుంటుంది?

సులభ వాణిజ్య ర్యాంకుల్లో 2016లో రెండు రాష్ట్రాలూ కలిసి మొదటి స్థానం పొందినప్పుడు ఎంత సంబరపడ్డామో గుర్తుందా? ఆ ర్యాంకులకి మార్కులు వేసినవాటిలో స్వీయ ధ్రువీకరణ ఉంది, తనిఖీలు తగ్గించడం ఉంది, ఇన్‌స్పెక్టరు ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో కంప్యూటరు ఎంచడం ఉంది. లంచాలు పోతాయన్నారు. లంచం అడిగే ఇన్‌స్పెక్టరు వద్దు, నిజమే. ఆ వంకన అసలు ఇన్‌స్పెక్టరే రాకుండా చేశారు. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. 1970 నాటి కేంద్ర చట్టం 20 మంది కార్మికుల్ని పెట్టుకున్న కాంట్రాక్టరుకి వర్తించేది, కొత్త కోడ్‌లో ఆ హద్దు 50 అయింది. 49 మంది చొప్పున ముగ్గురు కాంట్రాక్టర్లని పెట్టుకోవడం ఎవరికి చేతకాదు?

రెండు రాష్ట్రాల కార్మిక మంత్రుల్నీ నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఫ్యాక్టరీల శాఖ ఈ ఫ్యాక్టరీకి చివరిసారి ఎప్పుడొచ్చింది, ఏ లోపాలు రాసింది, వాటిలో ఏవి సరిచేశారు అన్నది ప్రతి ఫ్యాక్టరీ గేటు మీద తెలుగు, హిందీ, ఒడియా భాషల్లో అంటించాలి. కింద కాంట్రాక్టరుది కాని ఫోన్ నంబరు ఒకటి ఉండాలి. పది గంటల పనికి ఉత్తర్వు ఇవ్వగలిగిన ప్రభుత్వం దీనికీ ఇవ్వగలదు.