సంతకమునకు ముందటి విద్య

మన దేశమున వకీలనగానే జనులకు తోచునది కోర్టు. నల్లకోటు, వాయిదా, సాక్షి, తీర్పు: ఈ నాలుగే న్యాయవాదవృత్తికి సర్వస్వమని మనవారి తలంపు. వ్యాజ్యము వచ్చిన పిమ్మట ప్లీడరునొద్దకు పరుగెత్తుటయే గాని, వ్యాజ్యము రాకుండుటకై పోవుట మన వాడుకలో లేదు. గెలిచినవాడు ఇంటికి వచ్చి యేడ్చెననియు, ఓడినవాడు కోర్టులోనే యేడ్చెననియు సామెత చెప్పుకొని నవ్వుకొందుము. కాని యా యేడుపునకు విత్తనము పడినది కోర్టులో గాదు, సంతకము చేసిన నాడే యని విచారింపము.

ఈ సంగతిని మనకంటె బాగుగ నెఱిగినవారు కలరు. ముంబయి, ఢిల్లీ, బెంగుళూరు, హైదరాబాదు మొదలగు నగరములందు వాణిజ్య న్యాయవాదసంస్థలు వెలసియున్నవి. వీనిని లా ఫర్ములందురు. ఒక కంపెనీ పుట్టుక మొదలు మూతపడువఱకు దానికి కావలసిన న్యాయకార్యమంతయు నొక్క చూరు క్రిందనే నెఱవేర్చుట వీని ప్రత్యేకత. ఒక శాఖవారు కంపెనీని స్థాపింతురు. ఒకరు బ్యాంకుఋణముల పత్రములు వ్రాయుదురు. ఒకరు భూమి హక్కులు శోధింతురు. ఒకరు వ్యాపారచిహ్నములను, పేటెంట్లను కాపాడుదురు. పన్నులు, కార్మిక చట్టములు, వాటాల జారీ, దివాలా, మధ్యవర్తిత్వము, వీనికి వేఱువేఱు నిపుణులు కలరు. ఒకరికి తెలియనిది ప్రక్కగదిలోనివారికి తెలియును. అందుచే కక్షిదారుడు పదిచోట్ల తిరుగ నక్కఱలేదు.

ఒక కంపెనీ మఱొక కంపెనీని కొనదలచినదనుకొందము. మన గ్రామమున ఎద్దును కొనువాడు పండ్లు పట్టి చూచును, నడిపించి చూచును. ఈ సంస్థలవారు చేయునదియు నదియే. అమ్మకమునకు వచ్చిన కంపెనీ భూముల దస్తావేజులను దశాబ్దముల వెనుకకు పోయి చదువుదురు. దానిపై నడచుచున్న దావాలెన్ని, తాకట్లెన్ని, పన్ను బకాయీలెన్ని, పనివారికి చెల్లింపవలసినదెంత యని లెక్కింతురు. అమ్మువాడు చెప్పిన ప్రతిమాటను పత్రములో వ్రాయించి, ఆ మాట అబద్ధమైన నష్టమెవరు భరింపవలయునో ముందే నిర్ణయింతురు. ధరలో కొంతభాగమును మూడవవాని చేతిలో నుంచి, దాచిన లోపములు బయటపడుటకు గడువిచ్చి, ఆ గడువు దాటిన పిమ్మటనే విడుదల చేయింతురు. కీడెంచి మేలెంచవలెనను పెద్దల మాట వీరికి వృత్తిధర్మము. ఇది నిజముగా విద్యయే. దీనిని నిందించుట నా యుద్దేశము గాదు.

అట్లయిన నా ఫిర్యాదేమని చదువరులడుగుదురు. ఈ విద్య యొకపక్షముననే యుండుట నా ఫిర్యాదు. ఇందుకొక దృష్టాంతము చెప్పెదను.

విజయవాడ ఆటోనగరులో నాకు బాగుగ తెలిసిన పనిమంతుడొకడు కలడు. ఆయన తండ్రి కమ్మరికొలిమి నడపెను. ఆయన రెండు లేతు మిషనులతో ప్రారంభించి, ఎనమండుగురికి కూడు పెట్టు కార్ఖానా నిలిపెను. పరరాష్ట్రపు పెద్ద కంపెనీయొకటి యినుప విడిభాగములకై ఆయనకు ఆర్డరిచ్చెను. ఆర్డరుకాగితము ముందువైపున సరకు, ధర, తేదీ. దాని వెనుక నాలుగు పుటల నిండ చీమతలకాయలంత ఇంగ్లీషు అక్షరములు. ఆయన ముందువైపు చదివెను. వెనుకవైపు సంతకము చేసెను.

సరకు పోయెను. పదునెనిమిది లక్షల రూపాయల బిల్లు నిలిచిపోయెను. ఎనిమిది నెలలు తిరిగిన పిమ్మట కంపెనీవారు మిక్కిలి మర్యాదగా నొక జాబు వ్రాసిరి. అందు నాలుగు షరతులు చూపిరి. తమ తనిఖీదారు సరకును ఒప్పుకొన్న 120 దినములకు గాని పైకము చెల్లింపబడదు; తనిఖీకి గడువు లేదు. వివాదము వచ్చినచో తమ మేనేజింగు డైరెక్టరు నియమించిన యేకమధ్యవర్తియే తీర్పు చెప్పును. ఆ విచారణకు స్థానము ఢిల్లీ. సరకు చేరిన 90 దినములలోపల వ్రాతమూలకముగ కోరని సొమ్ముపై హక్కు నశించును.

ఆయన తన యూరి వకీలునొద్దకు పోయెను. వకీలు కాగితము నటునిటు త్రిప్పి, "సంతకము చేసితివి గదా, ఇక నేనేమి చేయుదును? ఢిల్లీ పొమ్ము" అనెను. ఢిల్లీ పోవుటకు పైకమును లేదు, భాషయు లేదు. తుదకు పది లక్షలకు రాజీపడెను. ఒక లేతు అమ్ముడుపోయెను. ఇద్దరు పనివారు వీధిన పడిరి.

ఇక వినుడు. ఆ నాలుగు షరతులలో నొక్కటియు ఆయనకు అడ్డు రాదగినది కాదు.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టము 2006లో వచ్చినది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలవారి సరకు కొన్నవాడు, ఒడంబడికలో నేమి వ్రాసికొన్నను, సరకు ఒప్పుకొన్న నాటినుండి 45 దినములకు మించి బాకీ నిలుపరాదు. సరకు చేరిన 15 దినములలో వ్రాతపూర్వకముగ ఆక్షేపింపనిచో, చేరిన దినమే ఒప్పుకొన్న దినమగును. తనిఖీ చేయలేదను సాకు నిలువదు. గడువు దాటినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడురెట్లు చక్రవడ్డీ, నెలనెలకు కట్టి, చెల్లింపవలయును. సరకు పంపినవాడు తన రాష్ట్రమందలి ఫెసిలిటేషను కౌన్సిలునొద్దనే మొఱపెట్టుకొనవచ్చును. కొన్నవాడు దేశమున నెక్కడ నున్నను సరే. ఒడంబడికలోని మధ్యవర్తిత్వపు షరతు ఈ హక్కునకు అడ్డు కాదని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పినది. కౌన్సిలు తీర్పును కొట్టివేయింపగోరిన కొనుగోలుదారుడు మొదట నూటికి 75 వంతులు డిపాజిటు చేయవలయును. తగవు ఫలితముతో సంబంధమున్నవాడు తానే యేకమధ్యవర్తిని నియమింపరాదని అదే కోర్టు 2019లోనే చెప్పియున్నది. ఇక 90 దినములలో హక్కు నశించునను షరతు! 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 28వ సెక్షను, 1997లో సవరింపబడిన పిమ్మట, హక్కును గడువుతో హరించు నట్టి షరతును చెల్లనిదిగా ప్రకటించినది.

ఆయన చిన్న పరిశ్రమగా నమోదు కానివాడా? కాదు. ఆర్డరు రాకమునుపే నమోదైనాడు. ఆ ధ్రువపత్రమునకు చట్రము కట్టించి, కార్ఖానాలో వేంకటేశ్వరస్వామి పటము ప్రక్కన తగిలించుకొన్నాడు. అది బ్యాంకులో అప్పు పుట్టుటకు పనికివచ్చునని మాత్రమే ఆయన యెఱుగును. ఆయుధము గోడను వ్రేలాడుచుండగా మనిషి నిరాయుధుడై యోడిపోయెను.

దీనినిబట్టి తేలు సత్యమేమి? చట్టమున చెల్లని షరతు కూడ, చట్టమెఱుగనివానియెడ చెల్లును. కాగితముమీద నున్న యబద్ధపు కంచె నిజమైన కంచెవలెనే పనిచేయును. దానిని ముట్టి చూచు ధైర్యము గలవానికి మాత్రమే యది దారమని తెలియును.

ఇప్పుడా నాలుగు పుటలను వ్రాసిన నిపుణుల నడుగుచున్నాను. 28వ సెక్షను మీకు తెలియదా? 2019 నాటి తీర్పు మీరు చదువలేదా? చదివియు వ్రాసితిరేని, అది విద్యయా, వంచనయా? పాత నమూనానుండి యెత్తి వ్రాసితిమందురా? ప్రతిపంక్తిని చదువుటకు గంటలెక్కన ప్రతిఫలము పుచ్చుకొనువారు తాము చదువలేదని చెప్పుట యే ధర్మము? కక్షిదారుని మేలు చూచుట న్యాయవాదికి విధియే. ఎదుటివాని మేలు చూడుమని నేననను. గట్టిబేరము చేయుడు, కఠినముగ వ్రాయుడు. కాని నిలువదని తెలిసిన షరతును, ఎదుటివాడు బెదరునను నాసతో వ్రాయుట బేరము గాదు. చెల్లని నాణెమును చీకటిలో మార్చుట.

ఇది మన దేశమునకు క్రొత్త కథయు గాదు. 18వ శతాబ్దమున కుంఫిణీవారు మన సర్కారుజిల్లాల నేతగాండ్రకు బయానాలిచ్చి, ఆ బయానాల పేరిట వారి మగ్గములను తమకు కట్టివేసికొనిరి. నాడు బలము కుంఫిణీ బంటుల కఱ్ఱలో నుండెను. నేడు బలము చిన్న యక్షరములలో నున్నది.

కొందఱు చెప్పు సమాధానములు నేనెఱుగుదును. షరతులు ప్రశ్నించినచో పెద్ద కంపెనీ మఱొకని వెదకికొనునని మొదటిది. కొంత నిజమే. కాని పై చట్టము వర్తించుటకు బేరమాడ నక్కఱలేదు, ఎఱిగియుండిన చాలును. ఒడంబడికలో నేమున్నను అది వర్తించును. సరకు పంపకమునుపే నమోదు చేసికొనుట, సరకు చేరినట్లు తేదీతో రసీదు పుచ్చుకొనుట, 45 దినములు దాటగానే వ్రాతమూలకముగ నడుగుట: ఈ మూటికి ఎవరి యనుమతియు నక్కఱలేదు.

న్యాయము ఇంగ్లీషులో నున్నది గావున ఒడంబడికయు ఇంగ్లీషులోనే యుండవలెనని రెండవది. హైకోర్టులలోను, సుప్రీంకోర్టులోను ఇంగ్లీషు నడచుట నిజమే. కాని కాంట్రాక్టు చట్టము ఒడంబడికకు ఫలాన భాషయని యెచటను నిర్బంధింపలేదు. తెలుగు ప్రతి నొకటి జతచేయుటకు ఏ సెక్షనును అడ్డుపడదు. 2024 ఏప్రిలులో రిజర్వు బ్యాంకు, చిల్లర ఋణములకును చిన్న పరిశ్రమల కాలావధి ఋణములకును ముఖ్యాంశముల పత్రము ఋణగ్రహీతకు తెలియు భాషలో నుండవలెనని ఆదేశించెను. అప్పు షరతు తెలుగులో చెప్పవచ్చునట. సరకు షరతు చెప్పరాదట! ఈ భేదమునకు కారణము భాషలో లేదు, మనస్సులో నున్నది.

కాగితమడుగుట అపనమ్మకమునకు గుఱుతని మూడవది. ఇది మన వర్తకులే చెప్పుమాట. అందుచే నెక్కువ బాధ కలిగించునది. మన పూర్వపు వర్తకులు మాటకు ప్రాణమిచ్చిరనుట సత్యమే. కాని వారు చిట్టా, ఆవర్జా వ్రాయకుండ దీపము పెట్టలేదనుటయు సత్యమే. వ్రాత నమ్మకమునకు శత్రువు గాదు, మఱపునకు శత్రువు.

ఇక కర్తవ్యమేమి? మన న్యాయసహాయ చట్టము 1987లో వచ్చినది. అది స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, కార్మికులకు, తక్కువ రాబడిగల పేదలకు ఉచితముగ వకీలు నిచ్చును. నా మిత్రునివంటివాడు అందు చేరునంత బీదవాడు గాడు, పెద్ద సంస్థను పిలుచుకొనునంత ధనికుడు గాడు. మధ్యనున్నవానికి దిక్కు లేదు. ఆ దిక్కు ప్రభుత్వము వచ్చి చూపువఱకు వేచియుండుట కంటె, వర్తకసంఘములే చూపుట మేలు. ఒక్కడు భరింపలేని ప్రతిఫలమును నూర్గురు కలసి భరింపవచ్చును. ఒక సంఘము, ఒక న్యాయవాదసంస్థ, తెలుగులో వ్రాసిన పది నమూనా ఒడంబడికలు. పెద్ద ఆర్డరుపై సంతకము చేయకమునుపు చదివి చెప్పుటకు నెలకు రెండు దినములు. ఇంతకంటె నేను కోరుటలేదు. దేవాలయపు ఉత్సవమునకు చందా వసూలుచేయు సంఘమునకు ఇది యసాధ్యమా?

మన యూళ్ల వకీళ్లకును నేనొక మాట చెప్పక తప్పదు. "సంతకము చేసితివి గదా" యనుట సలహా గాదు. 2006 నాటి చట్టమును నేటికిని చదువని ప్లీడరు, తన కక్షిదారుని ఎదుటిపక్షమువారికంటె ముందుగ తానే యోడించుచున్నాడు. వాణిజ్య న్యాయము నగరపు మేడలలోనివారి సొత్తని యెవరు చెప్పిరి? దావా నడపుట తెలిసినవానికి దావా తప్పించుట నేర్చుకొనుట కష్టము గాదు. లాభము తక్కువయను దిగులొకటే యడ్డము. అయినను కాపాడబడిన కక్షిదారుడు మఱల వచ్చును, చెడిన కక్షిదారుడు రాడు.

నా మిత్రుడు ఇప్పటికిని కార్ఖానా నడపుచున్నాడు. మొన్న చూడబోయినప్పుడు క్రొత్త ఆర్డరు నొకదానిని బల్లమీద బోర్లించి, వెనుకవైపు పైకి పెట్టి, కళ్లజోడు తుడుచుకొనుచుండెను. కాలేజీలో చదువుచున్న కుమార్తె ప్రక్కన కూర్చుండి ఒక్కొక్క షరతు తెలుగున చెప్పుచుండెను. ఎనిమిది లక్షలు పోగొట్టుకొని నేర్చుకొన్న చదువది. అంత వెలపెట్టకయే మిగిలినవారు దానిని నేర్చుకొందురుగాక.