ఫిరంగి బొమ్మ పక్కన ఒక చీటీ

వైజ్ఞానిక ప్రదర్శన అనగానే మా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు పిల్లలకు గండికోట గుర్తుకొస్తుంది. అట్టతో గోడలు, బురుజు మీద ఒక ఫిరంగి. గోడలకు ఇబ్బంది లేదు, కోటకు పోయి చూసి రావచ్చు. ఫిరంగి మాత్రం నేరుగా సినిమాలోంచి దిగి వస్తుంది. పెద్ద బండి చక్రాలు, బంగారు రంగు, నోట్లో ఎర్రకాగితం మంట! “దీని పొడవెంత? నోటి వెడల్పు ఎంత?” అని అడిగితే, “చూడ్డానికి బాగుంది కదా సార్!” అంటారు. బహుమతి కూడా చాలాసార్లు దానికే వస్తుంది. ఇది నాకు నచ్చదు.

నమూనా అంటే “ఆ వస్తువు ఇలా ఉండేది” అని చెప్పడమే. నోటితో చెప్పినా, అట్టతో చెప్పినా దానికి ఆధారం ఉండాలి.

గండికోట ఫిరంగులకు ఆధారం ఉందా? కొంత ఉంది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పెమ్మసాని నాయకుల నుండి పట్టుకున్నాడు. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు అతణ్ణి కలవడానికి ఇక్కడికి వచ్చి, చూసిందీ విన్నదీ తన యాత్రాగ్రంథంలో రాశాడు. (దాన్ని 1889లో ఇంగ్లీషులోకి తెచ్చిన వాలెంటైన్ బాల్ భూగర్భ శాస్త్రజ్ఞుడు కావడం మనకు సంతోషం.) ఇరవై ఫిరంగులు పోతపోయడానికి మీర్ జుమ్లా ఒక ఫ్రెంచివాణ్ణి పెట్టుకున్నాడు. పది ఫిరంగులు 48 పౌన్ల గుండువి, పది 24 పౌన్ల గుండువి కావాలి. రాగి కోసం గుళ్ళలోని విగ్రహాలను తెప్పించాడు.

కొలతలు లేవే అంటారా? ఉన్నాయి, మీ భౌతికశాస్త్రం పుస్తకంలో! 24 పౌన్లు అంటే సుమారు 10,900 గ్రాములు. గుండు పోత ఇనుముది అనుకుందాం. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.2 గ్రాములు. భాగిస్తే ఘనపరిమాణం 1,510 ఘన సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. గోళం సూత్రంలో వేస్తే వ్యాసార్ధం 7.1 సెంటీమీటర్లు, వ్యాసం 14 పైచిలుకు. గుండు లోపల కదలాలి గనుక గొట్టం రంధ్రం ఇంకొంచెం పెద్దది. మరి 48 పౌన్ల గుండు వ్యాసం 28 అవుతుందా? కాదు, 18 మాత్రమే. ఎందుకో మీరే లెక్క వేసి చూడండి. పదో వంతు నమూనా చేస్తే 24 పౌన్ల ఫిరంగి నోరు 14 మిల్లీమీటర్లకు కాస్త పైన ఉండాలి. నేను చూసిన బొమ్మల్లో చాలావాటికి టీ గ్లాసంత నోరు ఉంటుంది!

ఇక అసలు చిక్కు. ఆ ఫిరంగుల్లో ఒక్కటీ పూర్తి కాలేదని టావెర్నియరే రాశాడు. ఒకటి పగిలింది, ఇంకొకటి సగంలో ఆగింది. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు ఎంత వేడి చేసినా కరగలేదట. పూజారులు మంత్రం వేశారని నవాబు అనుమానించాడట. రాగి కరగాలంటే 1,085 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. పెద్ద లోహపు ముద్దకు అంత వేడి లోపలిదాకా పట్టించడం చిన్న కొలిమితో అయ్యే పని కాదు. కాబట్టి “గండికోటలో పోతపోసిన ఫిరంగి” అని పేరు రాసి నిగనిగలాడే బొమ్మ పెడితే, ఎన్నడూ లేనిదానికి నమూనా చేసినట్లే. పగిలిన ఫిరంగినే చెయ్యండి, నేనైతే దానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

నా కోరిక ఒకటే. బొమ్మ పక్కన ఒక చీటీ పెట్టండి. అందులో మూడు మాటలు: ఏది పుస్తకంలో దొరికింది, ఏది లెక్క కట్టాం, ఏది ఊహించాం. చక్రాలు ఊహ అయితే ఊహ అనే రాయండి. న్యాయనిర్ణేతలు రంగు కన్నా ముందు ఆ చీటీ చదవాలి.

గుండు బరువు నోటి వెడల్పు చెబుతుంది గాని, గొట్టం పొడవు చెప్పదు. దానికి నిజం ఫిరంగి దగ్గరికే పోవాలి. హైదరాబాదు విహారయాత్రకు వెళితే గోల్కొండ బురుజుల మీద ఫిరంగులున్నాయి. అక్కడి కాపలాదారును అడిగి, దారంతో నోటి వ్యాసం, మొత్తం పొడవు, ఇరుపక్కలా పొడుచుకొచ్చిన ఇరుసుల మందం కొలుచుకోండి. పొడవును వ్యాసంతో భాగించి, ఆ అంకెతో పాటు అది ఏ ఫిరంగిదో కూడా చీటీలో రాయండి.