పేరేమో ఫీల్డ్ ఇంజనీర్, బతుకేమో టార్గెట్

తండాల నుంచి, గూడేల నుంచి ఐటీఐ, డిప్లొమా చేసి సికింద్రాబాద్ వచ్చిన మనోళ్ళు ఎందరో ఫైబర్ పనిలో ఉన్నారు. తిరుమలగిరిలో మేము ఒకే రూంలో నలుగురం. కార్డు మీద "ఫీల్డ్ ఇంజనీర్" అని ఉంటది, ఇంటికాడ అమ్మానాయిన మురిసిపోతరు.

ఇది కంటోన్మెంట్ ఏరియా. మిలిటరీ క్వార్టర్స్‌లో కంప్లైంట్ వస్తే గేటు కాడ ఆధార్ చూపి, రిజిస్టర్‌లో రాసి, లోపలి నుంచి ఫోన్ వచ్చేదాకా నిలబడాలి. ఆ ముప్పావుగంట యాప్‌లో కనపడదు, లేటు మాత్రం మన పేరు మీద పడుతది. గాజు పోగు వెంట్రుకంత సన్నం. కొసలు తుడిచి, శుభ్రంగా కోసి, మెషిన్‌లో అతికించి, మీటర్ పెట్టి చూడాలి. టార్గెట్ కోసం తొందరపడితే సిగ్నల్ పడిపోయి వారంలో అదే ఇంటి నుంచి మళ్ళీ కంప్లైంట్. దానికి జీతంలో కోత! టార్గెట్టే పని చెడగొట్టి, మళ్ళీ మన దగ్గరే వసూలు చేస్తది.

ఒకప్పుడు ఇది లైన్‌మన్ పని, సర్కారు కొలువు. ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉండేది. బీఎస్ఎన్ఎల్‌లో 2020 జనవరి 31న ఒక్కరోజే 78 వేల మందికి పైగా వీఆర్ఎస్ మీద బయటికొచ్చారు. తీగలు అట్లనే ఉన్నయి, పని కాంట్రాక్టు పిల్లలది అయింది. కాంట్రాక్టర్ కాడ రోస్టర్ ఎక్కడిది?

పని మానేయమని మేము అనట్లేదు, చేతిలో విద్య ఉంది. కానీ చేరేముందే అడగండి: పెట్రోల్ ఎవరిది, పీఎఫ్, ఈఎస్ఐ కడతరా, స్తంభం ఎక్కడానికి బెల్టు ఇస్తరా? గేటు కాడ, వానలో ఆగిన టైం లెక్కలోకి రావాల్సిందే. మా రూంలో నోట్‌బుక్ పెట్టి రోజూ రాస్తున్నం. మీరూ రాయండి, వచ్చే నెల అన్నీ కలిపి సూపర్‌వైజర్ ముందు పెడదాం.